ఇన్‌ఛార్జి పిన్ని

మునిసిపల్ ఇంజనీరింగ్ ఆఫీసు,
రెండో అంతస్తు,
ఫిబ్రవరి 10

పిన్నీ,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, పక్క బల్లల వాళ్ళు నవ్వుతారు. అందుకని ఉత్తరమే నయం.

ఒకటో గ్రేడు సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెడుతున్నాను. టెక్నీషియన్‌గా అయిదేళ్ళు పూర్తయ్యాయి కదా. డిప్లొమా ఉంది, రాతపరీక్షకి చదువుతున్నాను. ఆ అయిదేళ్ళూ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ చేతికింద పనిచేసినట్టు వాళ్ళే సంతకం పెట్టాలన్నది బోర్డు నియమం. చివరి మూడేళ్ళకి మా ల్యాబు పెద్దాయన పెట్టేశాడు. మొదటి రెండేళ్ళు, నువ్వు రిటైరయ్యేదాకా, నీ దగ్గర పనిచేశాను కాబట్టి నువ్వు పెట్టాలి. ఫారం జతచేశాను. కింద గడిలో నీ సర్టిఫికెట్ నంబరు రాయడం మరిచిపోకు. ఏప్రిల్ ముప్పై ఆఖరి తేదీ.

ఇక్కడ ఇంకో సంగతి. ఎగువ వీధి మట్టి జారకుండా కట్టిన పెద్ద గోడ ఉందిగా, దాని కింద పదకొండు ఇళ్ళు. అందులో ఒక దర్జీ ఆఫీసుకొచ్చి, "అమ్మా, గోడకి చారపడింది, మా ఆవిడ రోజూ దాన్నే చూస్తూ కూచుంటోంది" అన్నాడు. వెళ్ళి చూశాను. వెంట్రుకంత పగులు, కానీ పొడుగ్గా ఉంది. ఏం చెయ్యమంటావు?

నీ కొలబద్ద

*

ప్రెస్సు పైవాటా,
వెనక గది,
ఫిబ్రవరి 20

ఒసేయ్ కొలబద్దా,

అయిదేళ్ళయిందంటే నమ్మలేకపోతున్నాను. మొదటిరోజు నువ్వు కాంక్రీటు శాంపిలు తీస్తానని బక్కెట్లో చెప్పుతో సహా కాలు పెట్టిన సంగతి నిన్నే జరిగినట్టుంది.

నేనున్న ఇంటి కింద ప్రింటింగు ప్రెస్సు. ఆ చప్పుడుకి ముగ్గురు ఖాళీ చేసి వెళ్ళారట. నాకు మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ముప్పై ఒక్కేళ్ళు కాంక్రీటు కుదిపే వైబ్రేటర్ల పక్కన నిలబడ్డందుకు ఇదొక్కటే లాభం.

గోడ సంగతి. పగులు మీద అడ్డంగా మూడు చోట్ల సన్నని గాజుపట్టీలు ప్లాస్టరుతో అతికించు. ప్రతి పట్టీ మీదా తేదీ రాయి. గాజు సాగదు, అబద్ధం చెప్పదు. గోడ కదిలితే పగులుతుంది. పైనుంచి తూకపు గుండు వేలాడదీసి, గోడకీ దారానికీ మధ్య దూరం వారంవారం ఒకే మనిషి, ఒకే స్కేలుతో కొలవాలి. దర్జీ వాళ్ళావిడకి "ఏం కాదులెండి" అని చెప్పకు. "చూస్తున్నాం" అని చెప్పు.

ఫారం అందింది. చూస్తాను. మీ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?

పిన్ని

*

మునిసిపల్ ఇంజనీరింగ్ ఆఫీసు,
మార్చి 15

పిన్నీ,

మూడు పట్టీల్లో రెండు పగిలాయి. తూకపు గుండు లెక్కన మూడు వారాల్లో పదకొండు మిల్లీమీటర్లు ముందుకొచ్చింది గోడ.

పదకొండు ఇళ్ళూ ఖాళీ చేయించారు. అందరూ స్కూలు హాల్లో ఉన్నారు. దర్జీ తన కుట్టుమిషను ఒక్కటే భుజాన వేసుకుని వచ్చాడు. వేదిక మీద పెట్టుకుని కుడుతున్నాడు. "నాటకం వేస్తున్నట్టుందమ్మా" అని నవ్వాడు కానీ, నవ్వు కళ్ళదాకా రాలేదు.

బయటినుంచి విచారణకి ఒక ఇంజనీరుని పంపారు. మాట తక్కువ మనిషి. వచ్చిన పూటే గోడ కట్టినప్పటి కాంక్రీటు పరీక్షల రిపోర్టులు తెమ్మన్నాడు. పంతొమ్మిదేళ్ళ నాటివి. ప్రతి కాగితం మీదా నీ సంతకమే, పిన్నీ. గట్టిదనం అంకె ముప్పై రావాల్సిన చోట ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఆయన అన్నీ తిరగేసి, "కాంక్రీటు గట్టిదే. అయితే లోపం వెనకాల మట్టిలోనో నీళ్ళలోనో ఉంది. గోడ కూల్చకుండా నిలబెట్టే దారి చూద్దాం" అన్నాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయలేను. మా పిన్నేనండీ అని చెప్పాను కూడా.

కూలిస్తే ఆ ఇళ్ళు కూడా పోతాయి. గోడని ఆనుకునే కట్టారు.

నా ఫారం సంగతి మరిచినట్టున్నావు.

నీ కొలబద్ద

*

ప్రెస్సు పైవాటా,
మార్చి 24

కొలబద్దకి,

గోడలో నీళ్ళు కారడానికి బొక్కలు వదిలి ఉంటారు, అడుగున వరసగా. అవి తెరుచుకున్నాయో లేదో చూడమని విచారణకొచ్చినాయనకి చెప్పు. చెప్పకుండానే చూస్తాడనుకో.

కుడిచెయ్యి మణికట్టు పట్టేసింది. సంతకం సరిగా రావడం లేదు. ఆ రెండేళ్ళకీ మీ ల్యాబు పెద్దాయన్నే పెట్టమంటే పోలా? ఆయనా అదే మేడలో ఉండేవాడుగా.

ఉంటాను.

పిన్ని

*

స్టాఫ్ క్వార్టర్లు,
ఏప్రిల్ 6

పిన్నికి,

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మణికట్టు మీదికి నెట్టావు. పట్టేసిన చేత్తో రాసిన ఉత్తరంలో ఒక్క అక్షరమైనా వంకర పోలేదు.

పోనీ నంబరైనా నేనే రాసి పంపిద్దామని రికార్డు గది గుమస్తాని నీ సర్వీసు ఫైలు అడిగాను. తెచ్చి ముందు పెట్టాడు. మొదటి పేజీలో "అర్హత: డిప్లొమా, ఫలితం రావలసి ఉంది. సర్టిఫికెట్ తర్వాత సమర్పిస్తారు" అని ఉంది. ఆ తర్వాత ఏ పేజీలోనూ సర్టిఫికెట్ లేదు. ఒకటో గ్రేడు మాట దేవుడెరుగు, డిప్లొమాయే లేదు. ఏడాదికొకసారి పొడిగించిన ఉత్తర్వులు మాత్రం ముప్పై ఉన్నాయి: "ల్యాబు ఇన్‌ఛార్జి, తదుపరి ఉత్తర్వుల వరకు."

గుమస్తా నా మొహం చూసి, "నాకేం కనపళ్ళేదమ్మా. అద్దాలు మార్చుకోవాలి" అన్నాడు. ఫైలు తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టేశాడు.

నేను ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా. అర్హత లేనివాళ్ళు సంతకం చేసిన పరీక్ష చెల్లదని నియమం. ఇది బయటపడితే, కాగితాల లెక్కలో ఆ గోడకి అసలు పరీక్షే జరగనట్టు. కూల్చెయ్యమనేవాళ్ళ మాటకి బలం వస్తుంది. బయటపడకపోతే, ఆ కాగితాలు నమ్మి గోడని ఉంచుతారు. పదకొండు ఇళ్ళ వాళ్ళు మళ్ళీ దాని కిందకే వెళ్తారు. రెండిట్లో ఏది జరిగినా నాకు తెలిసి జరిగినట్టే.

ఒక్కటే అడుగుతున్నాను. నీ అంకెలు నిజమేనా?

మీ అక్క కూతురు

*

ప్రెస్సు పైవాటా,
ఏప్రిల్ 14

అమ్మాయికి,

గోడ అంకెలు నిజం. పరీక్షకి తీసిన ఆ కాంక్రీటు క్యూబులు ఒక్కొక్కటీ నేనే పోశాను, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానబెట్టాను, నా చేతులతో మిషనులో పెట్టి చితక్కొట్టాను. ఒక్క అంకె కూడా పెంచలేదు.

ఇక మిగతాది. నేను తప్పిన పేపరు ఒక్కటే. బరువు ఎక్కడ పడుతుంది, ఎటు పోతుంది అని లెక్కగట్టే పేపరు. నలభై వస్తే పాసు. మూడుసార్లు రాశాను. ముప్పై తొమ్మిది, ముప్పై ఆరు, ముప్పై ఒకటి. కొండ దిగుతున్నట్టు దిగాను. నాలుగోసారి రాయలేదు. నేను చేరిన ఏడాదే పెద్ద ఇంజనీరు, "పని వచ్చినవాళ్ళు నాక్కావాలి, కాగితాలొచ్చినవాళ్ళు పై అంతస్తు నిండా ఉన్నారు" అని ఇన్‌ఛార్జి ఉత్తర్వు వేయించాడు. ఆయన పోయాక వచ్చినవాళ్ళు పాత ఉత్తర్వు చూసి కొత్తది వేశారు. ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని ముప్పై ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆఫీసులో ఎవరు "సర్టిఫికెట్" అన్నా నేను ఏదో పనున్నట్టు ల్యాబులోకి వెళ్ళిపోయేదాన్ని.

మీ అమ్మకీ తెలియదు. మొదటిసారి ఫలితం వచ్చినప్పుడు పాసయ్యానని చెప్పాను. అక్క ఆ రోజు వీధి వీధంతా చెప్పింది. ఆ తర్వాత ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు ఇంకొకటి పోస్టు చేశాను, విచారణ ఇంజనీరు పేర. నా అర్హత సంగతీ, గోడ క్యూబుల సంగతీ రెండూ రాశాను. గోడలోంచి నేరుగా ముక్కలు కోసి తీసి పరీక్షించమని అడిగాను. కాబట్టి నువ్వు మొయ్యాల్సింది ఏమీ లేదు. ఎవరైనా అడిగితే నాకు తెలుసు అని చెప్పు. ఎప్పటినుంచి తెలుసని అడిగితే ఆ తేదీ కూడా చెప్పు.

నీ ఫారం ఖాళీగా తిరిగి పంపుతున్నాను.

పిన్ని

*

స్టాఫ్ క్వార్టర్లు,
జూన్ 19

పిన్నికి,

రెండు నెలలు ఆలస్యంగా రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, పాతబడింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

విచారణ ఇంజనీరు నీ ఉత్తరాన్ని మీటింగులో పైకి చదివాడు. గొంతులో ఏ మార్పూ లేదు. చదవడం అయ్యాక మా పెద్ద ఇంజనీరు, "ముప్పై ఒక్కేళ్ళా!" అని ఒక్కటే అన్నాడు. ఆ ముప్పై ఒక్కేళ్ళలో ఆరేళ్ళ ఉత్తర్వులు ఆయన సంతకంతో వెళ్ళినవే. నన్ను పిలిచి ఎప్పుడు తెలిసిందని అడిగారు. ఏప్రిల్ నాలుగు అని చెప్పాను. పది రోజులు ఎందుకు ఆగావన్నారు. "ఆవిడ జవాబు కోసం" అన్నాను. అది కూడా రాసుకున్నారు.

బయటి ల్యాబు వాళ్ళు వచ్చి గోడని ఆరు చోట్ల గొట్టంలాంటి రంపంతో కోసి ముక్కలు తీశారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. తాడు ఇవతల దర్జీ పక్కన నిలబడ్డాను. ఆయన, "కేకు కోస్తున్నట్టు కోస్తున్నారు, మాకేమైనా మిగులుస్తారా?" అన్నాడు. ఆరింట్లో అయిదు ముప్పై దాటాయి. ఆరోది సరిగ్గా ముప్పై. నీ అంకెలకి దగ్గరగానే ఉన్నాయి.

లోపం నువ్వు అనుకున్న చోటే ఉంది. నాలుగేళ్ళ కిందట గోడ మీద బొమ్మలు వేయిస్తూ, అందంగా ఉండాలని ఆ నీళ్ళ బొక్కలన్నీ ప్లాస్టరుతో మూసేశారు. నీళ్ళు వెనకాల నిలిచి గోడని తోశాయి. డ్రిల్లు పెట్టి తెరిస్తే రెండు రోజులు బురదనీళ్ళు కారాయి. బొమ్మల్లో ఉన్న నెమలి నోట్లోంచి ఒకటి, ఏనుగు కడుపులోంచి ఒకటి. ఆ తర్వాత నాలుగు వారాలు తూకపు గుండు దగ్గరే ఉన్నాను. ఒక్క మిల్లీమీటరు కూడా కదల్లేదు. వెనక నుంచి ఉక్కు కడ్డీలతో బిగించే పని కూడా మొదలైంది. అది పూర్తయ్యాక ఇళ్ళలోకి వెళ్ళొచ్చన్నారు.

నా దరఖాస్తు తిప్పి పంపారు. నీ దగ్గర చేసిన రెండేళ్ళూ లెక్కలోకి రావు. మళ్ళీ రెండేళ్ళు చెయ్యాలి.

ఇంకోటి. నువ్వు సంతకం చేసిన ప్రతి పనినీ, ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిని, మళ్ళీ కొలిచి పరీక్షించమని ఉత్తర్వు వచ్చింది. ఆ పని ఎవరూ ముట్టుకోలేదు. నాకిచ్చారు. "నేను ఆవిడ అక్క కూతుర్నండీ" అని చెప్పాను. విచారణ ఇంజనీరు, "తెలుసు. నువ్వు కొలిచిన ప్రతి పదింట్లో ఒకటి మావాళ్ళు మళ్ళీ కొలుస్తారు. నువ్వు దాచితే నాకు తెలుస్తుంది, నీకూ తెలుస్తుంది" అన్నాడు. ఈ పనికి రెండేళ్ళు పడుతుందట, అదంతా ఆయన పర్యవేక్షణ కిందే కాబట్టి, నా సర్టిఫికెట్‌కి అదే అనుభవం కింద లెక్కవేస్తారట.

అమ్మకి చెప్పాను. పొయ్యి ఆపి వచ్చి కూచుంది. తర్వాత, "పాసవకపోతే నేను దాన్ని కొట్టేదాన్నా?" అంది. అది నీకు రాయమని చెప్పలేదు. నేనే రాస్తున్నాను.

మీ అక్క కూతురు

*

ప్రెస్సు పైవాటా,
జూలై 2

అమ్మాయికి,

గోడ ఆగిందంటే ఆ రాత్రి నిద్రపట్టింది. ఆరోది సరిగ్గా ముప్పై వచ్చిందన్నావు. అది ఎగువ వీధి మలుపు దగ్గరదే అయుంటుంది. ఆ రోజు మేస్త్రీ నీళ్ళు ఎక్కువ కలిపాడని ఇద్దరం పోట్లాడుకున్నాం. సగం బండి పారబోయించాను. పూర్తిగా పారబోయించాల్సింది.

అక్కకి విడిగా రాశాను. జవాబు రాలేదు. కొట్టేది కాదు. అందుకే చెప్పలేకపోయాను. కొట్టే మనిషయితే ఎప్పుడో చెప్పి, నాలుగు తిని, మళ్ళీ పరీక్ష రాసేదాన్ని.

నీ రెండేళ్ళకి నేనేం ఇవ్వగలను? క్షమించమని రాసి మూడు కాగితాలు చింపేశాను. ఆ మాట నా చేతిలో చిన్నగా కనిపిస్తోంది.

కొలతలు రాసుకున్న నా ఫీల్డ్ బుక్కులు ల్యాబు వెనక ఇనప బీరువాలో ఉంటాయి, ఏడాదివారీగా. తాళం కాస్త పైకెత్తి తిప్పాలి. పనికొస్తాయి.

పిన్ని

*

మునిసిపల్ ఇంజనీరింగ్ ఆఫీసు,
అక్టోబరు 11

పిన్నీ,

ఇప్పటికి నూట నలభై రెండు పూర్తయ్యాయి. కల్వర్టులు, మెట్లు, నీళ్ళ ట్యాంకు కాళ్ళు, స్కూలు ప్రహరీ. కొలిచిన చోటల్లా నీ పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుంటున్నాను. నీ రాత చూస్తుంటే నువ్వు పక్కన నిలబడి గొణుగుతున్నట్టే ఉంటుంది. "స్టాఫ్ కర్ర వంగింది, కొలత మళ్ళీ తీసుకున్నాను." "ఎండ, అంకెలు మెరుస్తున్నాయి, సాయంత్రం మళ్ళీ." ఒక పేజీలో "కుక్క అడ్డం, పది నిమిషాలు ఆగాను" అని ఉంది. విచారణ ఇంజనీరు కూడా ఆ పేజీ చూసి నవ్వాడు. ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

నూట నలభై ఒకటి సరిపోయాయి. నూట నలభై రెండోది సరిపోలేదు.

ఆస్పత్రి వెనక మలుపులో చిన్న కల్వర్టు. రోడ్డు మట్టం నువ్వు రాసినదానికంటే ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి ఉంది. కుంగిందేమోనని నాలుగు వైపులా తవ్వించి చూశాను. కుంగలేదు. పుస్తకం చూశాను. ఆ రోజు నువ్వు రాసిన ఎనిమిది అంకెలూ దాని ముందు రోజు ఇంకో కల్వర్టు దగ్గర రాసినవే. అదే వరసలో.

ఇరవై తొమ్మిదేళ్ళుగా అక్కడ వానొస్తే మడమ లోతు నీళ్ళు నిలుస్తున్నాయి. పక్కన సైకిళ్ళు బాగుచేసే అతన్ని అడిగితే, "ఇక్కడ నేల గుణమే అంతమ్మా" అన్నాడు. నేల గుణం కాదు, ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.

రిపోర్టులో రాశాను. సంతకం పెట్టి పంపించాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏప్రిల్లో నేను "నీ అంకెలు నిజమేనా" అని అడిగాను. నువ్వు "గోడ అంకెలు నిజం" అని రాశావు. ఆ రోజు తేడా గమనించలేదు. ఇప్పుడు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఇంకా ఉన్నాయా?

కొలబద్ద

*

ప్రెస్సు పైవాటా,
అక్టోబరు 17

కొలబద్దా,

ఆస్పత్రి వెనక కల్వర్టు నాకు గుర్తుంది. మూడోసారి ముప్పై ఒకటి వచ్చిన మార్కుల కార్డు ఆ పొద్దున్నే అందింది. పరికరం పెట్టె దించకుండానే ఒక గట్టు మీద కూచుని ముందు పేజీ చూసి రాసేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ మలుపులో నా చెప్పులు కూడా తడిశాయి. నువ్వు రిపోర్టు పంపాకే నాకు రాయడం సరైన పని.

ఇంకా ఉన్నాయా అన్నావు. ఉంది. ఒకటి.

చేపల మార్కెట్టు వెనక మురుగునీటి పంపు గది, పునాది, పదకొండేళ్ళ కిందటిది. ఆరు క్యూబులు చితక్కొట్టాలి. మూడు అయ్యేసరికి మిషను నూనె కారి ఆగిపోయింది. బాగుచేసేవాడు వారందాకా రానన్నాడు. మర్నాడే గోడలు లేపాలని పైనుంచి ఒకటే తొందర. మొదటి మూడూ బాగానే వచ్చాయి కదా అని మిగిలిన మూడింటికీ అంకెలు నేనే వేసి రిపోర్టు పంపాను. మిషను బాగయ్యాక ఆ మూడూ చితక్కొట్టి చూశాను. రెండు సరిపోయాయి. ఒకటి ఇరవై రెండు దగ్గరే పగిలిపోయింది. ముప్పై రావాలి. అది ఈశాన్య మూల పోసిన కాంక్రీటుది. అప్పటికి గోడలు లేచాయి. నేను నోరెత్తలేదు. పదవీ విరమణ దాకా నెలకోసారి ఆ దారిన వెళ్ళి ఆ మూల చూసి వచ్చేదాన్ని. చూస్తే ఏం తెలుస్తుంది?

ఏప్రిల్లో ఇది కూడా రాద్దామని కలం ఎత్తి దించాను. పరీక్ష తప్పానని ఒప్పుకోవడం ఇంతకంటే తేలిక. ఆ పేపరు చాలామంది తప్పుతారు. పని తప్పానని ఒప్పుకోవడం వేరు. డిగ్రీలూ డిప్లొమాలూ లేవు గానీ పని మాత్రం నిఖార్సు అని నన్ను నేను నిలబెట్టుకున్నది దాని మీదే. అది కూడా తీసేస్తే ఏం మిగులుతుందో అని భయమేసింది. నువ్వు నూట నలభై రెండు కొలిచాక ఆ భయానికి అర్థం లేదనిపించింది. మిగిలిందేమిటో నీ లెక్కలోనే ఉంది, తప్పులతో సహా.

మీ జాబితాలో ఆ పంపు గది వంతు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. వంతు వచ్చేదాకా ఆగకు, రేపే వెళ్ళు. లోపల పొద్దంతా ఇద్దరు పనిచేస్తారు. ముందు వాళ్ళని బయటికి పిలువు, ఆ తర్వాతే మూల దగ్గరికి వెళ్ళు. నా మాట మీద ఏమీ రాయొద్దు. కోసి, పరీక్షించి, వచ్చింది రాయి. బాగుంటే బాగుందనే రాయి.

ఈ ఉత్తరం నీ దగ్గర దాచుకోకు. విచారణ ఇంజనీరుకిచ్చి ఫైల్లో పెట్టించు. ఆయనకి ఇంకేమైనా అడగాలనుంటే రాయమను. నాకు వినపడదు గానీ, అడిగినదానికి జవాబు రాయగలను. అడగనిదానికి కూడా.

వెళ్ళేటప్పుడు హెల్మెట్టు పెట్టుకో. ఆ గది చూరు కిందికి ఉంటుంది. నువ్వు పొడుగు.

పిన్ని